తుంటి ఆపరేషన్: వెన్నులో మత్తా, పూర్తి మత్తా?

పెద్దకూతురు:
అమ్మకు 78 ఏళ్లు. నిన్న జారిపడి తుంటి ఎముక విరిగింది. వెన్నులో ఇంజెక్షన్ చేసి నడుము కిందికి మాత్రమే మత్తు ఇవ్వవచ్చు, లేదా పూర్తిగా నిద్రపుచ్చవచ్చు, మీ ఇష్టమేమిటని డాక్టరు అడిగారు. పూర్తి మత్తు ఇస్తే పెద్దవాళ్లకు మతి తప్పుతుందని బంధువులు భయపెడుతున్నారు. నిజమేనా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

మత్తువైద్యం పీజీ:
భయపడకండి అక్కా. ఈ ప్రశ్న మీదే జరిగిన రీగెయిన్ పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1,600 మందికి ఏ మత్తు ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. 60 రోజుల్లో చనిపోయినవారు, మరొకరి సాయం లేకుండా పది అడుగులు నడవలేకపోయినవారు కలిపి వెన్ను మత్తు వర్గంలో 18.5 శాతం, పూర్తి మత్తు వర్గంలో 18 శాతం. మతి తప్పడం, అంటే ఆపరేషన్ తరువాత కొద్ది రోజులు వచ్చే గందరగోళం (డెలీరియం) కూడా వరుసగా 20.5, 19.7 శాతం. ఆ తరువాత చైనా నుంచి వచ్చిన రాగా పరిశోధనలో 65 దాటిన 950 మందిలోనూ ఇదే తేలింది. అంటే మతి తప్పే ప్రమాదం ఉంది, కానీ ఆ నేరం పూర్తి మత్తుది కాదు.

నాన్నకు తోడున్నవాడిని:
మా నాన్నకు వెన్నులోనే ఇచ్చారు. అయినా రెండో రాత్రి దుప్పటి అంచు పీకుతూ, లేని తలుపును మూయమని నన్ను బతిమాలారు. ఆ రాత్రి నేను పడ్డ బాధ ఎవరికీ వద్దు. తెల్లవారాక నర్సు వచ్చి, ఆయన కళ్లజోడు, వినికిడి యంత్రం ఎక్కడున్నాయని అడిగింది. రెండూ ఆపరేషన్‌కు ముందు తీసి నా సంచిలో పెట్టినవే. అవి పెట్టాక నా ముఖం గుర్తుపట్టారు. పూర్తిగా తేరుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. దయచేసి అవి చేతికి అందేలా ఉంచుకోండి.

ఆపరేషన్ గది నర్సు:
పెద్దకూతురు గారూ, నేనైతే ఒక్క మాట అడగమంటాను: తొడ నరాలకు బ్లాక్, అంటే ఆ నరాలను మాత్రమే మొద్దుబార్చే ఇంజెక్షన్ ఇస్తారా? విరిగిన తుంటితో పక్కకు తిప్పినా, కూర్చోబెట్టినా ఆ నొప్పి చూడలేం. ముందే గజ్జ దగ్గర మందు ఎక్కిస్తే అరగంటలో మనిషి ముఖం తేటపడుతుంది. ఈ బ్లాక్‌ల వల్ల కదిలినప్పుడు నొప్పి, మతి తప్పడం రెండూ తగ్గుతాయని వైద్య పరిశోధనలను కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష కూడా చెప్పింది. మత్తు ఏ రకమన్నదానికన్నా నాకు ఇదే ముఖ్యం.

మోకాలు మార్పించుకున్నాను:
నొప్పి మాత్రల సంగతి కూడా అడగండి. నాకు నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్ ఇచ్చారు. మంచం దిగగానే గది గిర్రున తిరిగింది, గోడ పట్టుకోబట్టి పడలేదు.

మత్తువైద్యం పీజీ:
ఇది చాలా ముఖ్యం. ఆ కోవ మందులపై 281 పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణ 2020లో వచ్చింది. ఆపరేషన్ తరువాతి నొప్పి వాటితో రోగికి తెలిసేంతగా తగ్గలేదు, కళ్లు తిరగడం మాత్రం పెరిగింది. పెద్దవాళ్లకు అలవాటుగా రాసేయడం మానాలని నా గట్టి అభిప్రాయం. 2025 జనవరిలో అమెరికాలో అనుమతి పొందిన సుజెట్రిజిన్ నొప్పి మోసే నరాల్లోని ఒక సోడియం ద్వారాన్ని మూసే కొత్త రకం మందు. మార్ఫిన్ కోవకు చెందదు కాబట్టి ఆశ ఉంది. కానీ దాన్ని ప్రధానంగా పరీక్షించింది పొట్ట కొవ్వు తీసే ఆపరేషన్, కాలి బొటనవేలి ఎముక ఆపరేషన్ చేయించుకున్నవారిలో. తుంటికి అదే వర్తిస్తుందని ఇప్పుడే అనలేం.

పెద్దకూతురు:
అందరికీ కృతజ్ఞతలు. చివరికి మా ఇష్టంతో పని పడలేదు. అమ్మ రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది, వెన్నులో సూది వేయాలంటే ఆగాలి, ఆగడం మంచిది కాదన్నారు. బ్లాక్ ఇచ్చి, పూర్తి మత్తుతో ఈ ఉదయం చేశారు. మెలకువ రాగానే కళ్లజోడు పెట్టాను, "పొద్దున మాత్ర వేసుకున్నావా?" అని నన్నే అడిగింది. తొడ ముందు భాగం ఇంకా మొద్దుబారి ఉందంటోంది. ఎంతసేపు ఉంటుంది?

ఆపరేషన్ గది నర్సు:
చాలా సంతోషమండీ. ఒక్కసారి ఇచ్చే బ్లాక్ సాధారణంగా ఒక రోజులో వదులుతుంది. అంతవరకు మోకాలు పట్టు తప్పవచ్చు, ఒంటరిగా లేవనివ్వకండి. రేపు సాయంత్రానికీ తిమ్మిరి అలాగే ఉంటే మత్తు డాక్టరుకు చెప్పండి. బ్లాక్ వదిలేలోపే నొప్పి మందు పడేలా ఈ రాత్రే నర్సును అడిగి పెట్టుకోండి.