స్వాహిలి సంస్కృతి అంటే జాంజిబార్ ఒక్కటేనా?

నర్సంపేట టీచర్:
వచ్చే నెల మా బడిలో ఎగ్జిబిషన్. తొమ్మిదో తరగతి పిల్లలు తూర్పు ఆఫ్రికా స్టాల్ తీసుకున్నారు. అక్కడి సముద్ర తీరంలోని స్వాహిలి సంస్కృతి గురించి ఎక్కడ వెతికినా టాంజానియా దీవి జాంజిబార్ ఫొటోలే, చెక్కిన తలుపులు, లవంగాలు, అంతే. ఒకచోట ఇదంతా అరబ్బులు వచ్చి కట్టిందని ఉంది. నిజమేనా? ఊరికీ ఊరికీ తేడా ఉంటే ఏవి పెట్టమంటారు?

జగిత్యాల వాసి:
నేను కెన్యా రేవు పట్నం మొంబాసాలో పనిచేసి వచ్చిన. టీచర్ గారూ, అరబ్బులు కట్టారన్న మాట మాత్రం స్టాల్‌లో పెట్టకండి. స్వాహిలి బంటు అనే ఆఫ్రికా భాషల కుటుంబంలోది, ఆ ఊళ్లు పుట్టింది అక్కడి ఆఫ్రికన్ల మధ్యనే, సముద్ర వ్యాపారం మీద అరబ్బులు, పర్షియా వాళ్లు, మన గుజరాతీలు వచ్చి కలిశారు. 1331లో మొరాకో యాత్రికుడు ఇబన్ బటూటా ఇప్పటి టాంజానియా తీరంలోని కిల్వా వెళ్లినప్పుడే అది అందమైన పట్నం, జనంలో ఎక్కువమంది నల్లవాళ్లేనని ఆయనే రాశాడు.

కెన్యా దీవి లాము చూడాలండీ. ఇండ్లకు పగడపు రాయి, సున్నం, పైకప్పుకు మడచెట్ల దూలాలు. దూలం ఎంత పొడవుంటే గది అంతే వెడల్పు, అందుకే గదులు సన్నగా, పొడుగ్గా ఉంటాయి, లోపలి గోడ నిండా సున్నంతో తీర్చిన చిన్న చిన్న గూళ్లు. సందుల్లో కార్లు పట్టవు, మోతంతా గాడిదల మీదే. జాంజిబార్ వేరు, ఒమన్ సుల్తాను రాజధానినే అక్కడికి మార్చుకున్నాడు కాబట్టి అరబ్ ప్రభావం ఎక్కువ. ఇంకో సంగతి, ఆ లవంగం తోటలు సాగింది బానిసల చేతుల మీద. బానిసల సంత మూతపడింది 1873లో. పిల్లలకు ఇది దాచొద్దు.

ఓరుగల్లు పాఠకుడు:
భాషలో కూడా తేడా ఉందన్నా. లాములో కియాము, మొంబాసాలో కిమ్‌విత, జాంజిబార్‌లో కియుంగుజా. బ్రిటిష్ వాళ్లు 1928లో మొంబాసాలోనే మీటింగ్ పెట్టి, కియుంగుజానే ప్రామాణిక భాషకు ఆధారం చేయాలని తేల్చారు. లాము, మొంబాసాల్లో అప్పటికే ఎంతో పాత కవిత్వం ఉంది, అయినా బడి పుస్తకాల్లోకి ఎక్కింది మాత్రం ఆ ఒక్క యాసే. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, పుస్తకంలో భాష ఇంకొకటి అయితే ఎట్లుంటదో మనకు చెప్పాలా? నా మాట వినండి, స్టాల్‌లో ఇదే ముందు పెట్టండి.

నర్సంపేట టీచర్:
తప్పకుండా పెడతా. పిల్లలు చేత్తో చేయగలిగేది ఏదన్నా ఉందా?

కరీంనగర్ అక్క:
కాంగా చేయించండి టీచరమ్మా. నూలు బట్ట, జతగా అమ్ముతారు, చుట్టూ అంచు, నడుమ బొమ్మ, దాని కింద ఒక సామెత అచ్చేసి ఉంటుంది. పక్కింటామె మీద కోపం ఉంటే ఒక్క మాట అనకుండా, తగిన సామెత ఉన్న కాంగా కట్టుకుని ఆమె ముందు నుంచే నడిచిపోతారు! తెల్ల బట్ట మీద పిల్లలు రంగులతో వేసేయొచ్చు, సామెత మనదే రాయించండి.

పాట కావాలంటే తారబ్ అనే స్వాహిలి సంగీతం వినిపించండి. జాంజిబార్‌ది ఈజిప్టు పద్ధతి, వయొలిన్లు వరుసగా కూర్చుంటాయి, మొంబాసా తారబ్‌లో మన హిందీ సినిమా బాణీలు దొరుకుతాయి. సితి బింతి సాద్ అనే జాంజిబార్ గాయని 1928లో బొంబాయి వచ్చి రికార్డులు ఇచ్చింది. ఆమెది పేద ఇల్లు, అమ్మానాన్నలు బానిసత్వంలో పుట్టినవాళ్లు. తలుపుల ఫొటోలు ఒకటి తగ్గించైనా సరే, ఆమె ఫొటో పెట్టండి.