అప్‌డేట్: మా సండే స్కూల్ టీచరమ్మ సన్మానం

రిటైరవుతున్న మా సండే స్కూల్ టీచరమ్మకు శాలువా, మెమెంటో కాకుండా ఇంకేం చేయొచ్చని అడిగాను కదా. మీరన్నట్టే ఆమె నేర్పిన కంఠత వాక్యాలు (కంఠస్థం చేసే బైబిల్ వచనాలు) చెప్పించాం. (శాలువా తప్పలేదు, సంఘపెద్దలు ఊరుకోరు!)

ఆమె దగ్గర చదువుకున్న ఒకావిడ, కూతురితో కలిసి 23వ కీర్తన చెప్పింది. పాప మధ్యలో ఆగిపోతే టీచరమ్మే కుర్చీలోంచి పెదాలు కదిపి అందించారు. పాస్టర్‌గారు బైబిల్లో పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో ఉత్తరంలోంచి ఒక వచనం (2 తిమోతి 1:5) చదివారు. తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండేదని పౌలు రాసిన మాట.

టీచరమ్మ మాత్రం తన గురించి ఒక్క ముక్కా మాట్లాడలేదు. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయం) బిషప్ అయిన దోర్నకల్ అజరయ్యగారి గురించి చెప్పారు. ఆయన బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తలమీదే చెయ్యి పెట్టించి, ‘సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ’ అనిపించేవారట.

వచ్చే ఆదివారం నుంచి చిన్నపిల్లల క్లాసు నాకే అప్పగించారు. టెన్షన్‌గానే ఉంది. మొదటిరోజు ఏ కథ చెప్పమంటారు?