న్యూట్రినోని నమ్మొచ్చు గానీ దేవుణ్ణి నమ్మకూడదా?

కుప్పం కుర్రాడు:
మా తాత కేజీఎఫ్‌లో, అంటే కోలార్ బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్ అనే గనిలో పనిచేశాడు. కిందికి దిగే కేజ్ ఎక్కేముందు దాని ఇనుప కడ్డీని తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకునేవాడట. రిటైరయ్యాక బస్సెక్కినా అలాగే చేసేవాడు, అది నేనే చూశాను. మొన్న ఎమ్మెస్సీ చదివే మా బావ, కనపడని దానికి మొక్కడం ఏంటి అన్నాడు. 1965లో అదే గనిలో న్యూట్రినోలనే కంటికి కనపడని సూక్ష్మ కణాల జాడ పట్టారు కదా, వాటిని మాత్రం ఎవరు చూశారు బావా అని అడిగాను. అది వేరు అన్నాడు, ఎలా వేరో చెప్పలేదు. నిజంగా వేరేనా? మా తాతది తెలివితక్కువ నమ్మకం అంటే నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

ఫిజిక్స్ మేడం:
వేరే బాబూ. కొన్ని రేడియోధార్మిక పదార్థాల నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వచ్చేటప్పుడు శక్తి లెక్క తక్కువ వచ్చేది. కనపడని కణమేదో ఆ మిగతాది పట్టుకుపోతోందని 1930లో పౌలీ అనే శాస్త్రవేత్త ఊహించాడు, అదే న్యూట్రినో. అప్పటికది ఊహే. 1956లో రైన్స్, కోవన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక అణు రియాక్టర్ పక్కన కాడ్మియం కలిపిన నీళ్ళు పెట్టి కాచుకుని కూర్చున్నారు. న్యూట్రినో తగిలితే ముందొక మెరుపు, మైక్రోసెకన్ల తర్వాత ఇంకొకటి రావాలి. అలాగే జంటగా వచ్చాయి. మీ తాతగారి గనిలో కూడా అంతే, రెండు కిలోమీటర్లకు పైగా రాయి ఉంది కాబట్టి పైనుంచి వచ్చే కణాలు చాలామటుకు ఆగిపోతాయి, అడ్డంగా దూసుకొచ్చే మ్యూయాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, కానీ బరువైన కణం) కనిపించిందంటే అంత రాయిని దాటి వచ్చింది న్యూట్రినోయే, ఆ మ్యూయాన్ దగ్గర్లో దానివల్లే పుట్టింది అన్నమాట. ఇవేవీ రాకపోయి ఉంటే పౌలీ మాటని పక్కన పెట్టేసేవాళ్ళం.

పాత పుస్తకాలు:
పక్కన పెట్టినవీ ఉన్నాయి. యురేనస్ దారి తప్పుతోందని లెక్కగట్టి కనపడని గ్రహం ఫలానా చోట ఉందన్నాడు లెవెరియే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త, 1846లో అక్కడే నెప్ట్యూన్ దొరికింది. అదే మనిషి 1859లో బుధుడి దారిలో తేడా చూసి సూర్యుడికి ఇంకా దగ్గరగా ఇంకో గ్రహం ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు, గ్రహణాలప్పుడు ఏళ్ళ తరబడి వెతికారు. లేదు. 1915లో ఐన్‌స్టీన్ ఆ తేడాకి అసలు కారణం చెప్పాడు. అందుకే నేను ఎవరినైనా అడిగేది ఒకటే, ఏం జరిగితే నువ్వు నమ్మడం మానేస్తావు? తమ్ముడూ, గనిలో రాయి పేలి పక్కవాడు పోయినా మీ తాత మర్నాడు ఆ కడ్డీని తాకే ఉంటాడు కదా?

నర్సు పద్మం:
తాకే ఉంటాడు. మన భాషలో నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. న్యూట్రినో ఉందని నమ్ముతాం, ఎవరమూ దాన్ని నమ్ముకోము. భర్తని నమ్ముకుంటాం, భూమిని నమ్ముకుంటాం, దేవుణ్ణి నమ్ముకుంటాం. తాతగారు చేసింది అది, దానికి ప్రయోగశాల అక్కర్లేదు. కానీ నమ్ముకోవడాన్ని తెచ్చి నమ్మడం చోట పెడితే ప్రాణాలు పోతాయి. పాము కరిచిన పిల్లాణ్ణి మంత్రం వేయించి సాయంత్రానికి మా వార్డుకి తెచ్చారు, వచ్చేసరికే కనురెప్పలు వాలిపోయాయి, ఇంజెక్షన్ వేసినా దక్కలేదు. మంత్రానికి విషం దిగుతుందన్నది పరీక్షించదగ్గ మాట. దాన్ని భక్తి అని వదిలెయ్యకూడదు, నేను వదలను.

కుప్పం కుర్రాడు:
నమ్ముకోవడం అన్న మాట నాకు తట్టనే లేదు అక్కా. మీరందరూ రాసింది చదివాక రాత్రి అవ్వకి ఫోన్ చేశాను. తాత తెల్లారుజామున ఇంట్లోనే క్యాప్ ల్యాంప్ రెండుసార్లు వెలిగించి చూసుకునేవాడట, బెల్టు బిగించి గుంజి చూసుకునేవాడట. కడ్డీకి మొక్కడం అదంతా అయ్యాకే. ఈ ముక్క బావకి చెప్పాలి, ఆదివారం వస్తున్నాడు.