కార్డు బాకీకి నా బంగారం పెట్టాలా, సెటిల్‌మెంట్‌కు ఒప్పుకోవాలా?

వరంగల్ కోడలు:
మావారి రెండు క్రెడిట్ కార్డుల మీద కలిపి 2,60,000 బాకీ ఉంది. ఏడాదిపాటు మినిమం డ్యూ (నెలకు కనీసం కట్టాల్సిన మొత్తం) కట్టారు, మూడు నెలలుగా అదీ లేదు. రికవరీ వాళ్లు ఒకేసారి 1,50,000 కడితే సెటిల్ చేస్తామంటున్నారు. ఆ డబ్బు మా అన్నయ్య చేబదులు ఇస్తాడు. మావారేమో నా ఎనిమిది తులాలు తాకట్టు పెట్టి మొత్తం కట్టేద్దాం అంటున్నారు. ఏం చేయమంటారు?

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
అమ్మా, ముందు లెక్క చూడండి. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం వేసుకున్నా 9,100. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,638. ఐదు శాతం మినిమం డ్యూ కింద 13,000 కట్టినా, అసలుకు జమయ్యేది 2,262 మాత్రమే. ఏడాది కట్టినా బాకీ తగ్గకపోవడానికి కారణం ఇదే. అదే మొత్తం బంగారం మీద ఏడాదికి పది శాతం చొప్పున తెచ్చుకుంటే నెల వడ్డీ 2,200 లోపే. నా ఓటు బంగారానికే.

నెల్లూరు అక్క:
లెక్క బాగానే ఉందండీ, మనిషి సంగతేంటి? కార్డు ఖాళీ అవగానే మళ్లీ గీకుతారు. అప్పుడు రెండు అప్పులు! మా వీధిలో ఇలాగే రెండిళ్లలో నగలు వేలానికి పోయాయి. స్త్రీధనం పూర్తిగా భార్యదేనని, భర్త కష్టంలో వాడుకున్నా తిరిగివ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2024లో మళ్లీ చెప్పింది. చెల్లీ, మనసొప్పకపోతే ఇవ్వనని చెప్పు. అందులో తప్పేం లేదు.

కూకట్‌పల్లి కుర్రాడు:
సెటిల్‌మెంట్ చేసుకోండి అక్కా. లక్షా పదివేలు మిగులుతుంటే ఎందుకు వదులుకోవడం? ఉద్యోగం పోయినప్పుడు నేనూ అదే చేశాను.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
ఉద్యోగం పోయి, దారే లేనప్పుడు అది సరైన పనే బాబూ. ఇక్కడ జీతం వస్తోంది. అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్‌లో 'క్లోజ్డ్' (పూర్తిగా తీరింది) బదులు 'సెటిల్డ్' (తగ్గించి తీర్చారు) అని పడితే ఏళ్ల తరబడి ఉంటుంది, రేపు ఇంటి లోను దగ్గర అడ్డం తిరుగుతుంది. ఒకవేళ సెటిల్‌మెంటే అనుకుంటే బ్యాంకు లెటర్ చేతికి రాకముందు పైసా కట్టకండి, ఏజెంటు చేతికి అసలివ్వకండి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వాళ్లు ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. బెదిరిస్తే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, ఫీజు ఏమీ ఉండదు.

వరంగల్ కోడలు:
అందరికీ థాంక్స్. గోల్డ్ లోన్ నా పేరు మీదే తీసుకుంటాను. డబ్బు నేనే నేరుగా కార్డు ఖాతాలకు కడతాను, రెండు కార్డులూ రద్దు చేయించి బాకీ లేదనే నో డ్యూస్ లెటర్ తీసుకుంటాం. దీనికి ఆయన సరే అంటేనే నగలు బయటికి తీస్తాను.

నెల్లూరు అక్క:
ఇలాగైతే నాకూ సమ్మతమే. జీతం పడగానే లోన్‌కి కట్టాల్సింది నీ ఖాతాలోకి వేయమను, నెలాఖరు దాకా ఆగొద్దు.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
ఇంకో మాట. ఈ లోన్లు చాలావరకు ఏడాది గడువువి. వడ్డీ ఒక్కటే కడితే ఏడాది తిరిగేసరికి అసలు మొత్తం అలాగే ఉంటుంది. ఇన్నాళ్లూ మినిమం డ్యూకి పోయిన ఆ 13,000 నెలనెలా ఇక్కడ వేస్తే రెండేళ్లలోపే నగలు ఇంటికొస్తాయి. ఏడాదికి రెన్యువల్ చేసుకునే వీలుందా, మధ్యలో అసలు కడితే ఛార్జీ ఉందా, సంతకం పెట్టకముందే అడగండి.