ఎనిమిది నెలలుగా విరేచనాలు, బరువు తగ్గుతోంది. ఐబీఎస్ అన్నారు. ఇంకా ఏ పరీక్షలు, ఏ వరుసలో?

కెపిహెచ్‌బి_అక్క

మా తమ్ముడికి 34 ఏళ్లు. ఎనిమిది నెలలుగా రోజుకు నాలుగైదుసార్లు పల్చగా మోషన్, అప్పుడప్పుడు జిగట. బొడ్డు కింద కుడివైపు నొప్పి, తిన్న గంటకల్లా ఉబ్బరం. రాత్రి నిద్రలోంచి కూడా లేచి వెళ్లాల్సి వస్తోంది. బరువు 68 కిలోల నుంచి 61కి దిగింది. రక్తం మాత్రం కనబడలేదు.

పొట్ట స్కానింగ్ నార్మల్. నోట్లోంచి గొట్టం వేసి చూసే పై ఎండోస్కోపీలో కొద్దిగా గ్యాస్ట్రైటిస్ (కడుపు లోపలి పొర వాపు) అన్నారు. హిమోగ్లోబిన్ 10.8, ఎంసీవీ (ఎర్రరక్తకణం సైజు) 72. థైరాయిడ్, షుగర్ బాగానే ఉన్నాయి. ఐబీఎస్ (పేగులో జబ్బేమీ కనబడకుండా నొప్పి, మోషన్లలో తేడా ఉండే సమస్య) అని చెప్పి టెన్షన్ తగ్గించుకోమన్నారు. మోషన్స్ ఎక్కువైనప్పుడల్లా మెడికల్ షాపులో అమీబియాసిస్ బిళ్లలు తెచ్చుకుని వేసుకుంటాడు, నాలుగు రోజులు తగ్గి మళ్లీ మొదలు. నడుము నొప్పికి డైక్లోఫెనాక్, గ్యాస్‌కి పాంటాప్రజోల్ కూడా నడుస్తున్నాయి.

కొలనోస్కోపీ (మలద్వారం నుంచి గొట్టం వేసి పెద్దపేగును చూడటం) అంటే భయపడుతున్నాడు. నిజంగా అవసరమా? దానికి ముందు చేయించాల్సినవి ఉన్నాయా? 200 రకాల తిండికి ఒకే రక్తపరీక్షతో ‘ఫుడ్ ఇన్‌టాలరెన్స్ ప్యానెల్’ అంటున్నారు, అది పనికొస్తుందా?

గట్_క్లినిక్

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి దీనికి ఐబీఎస్ పేరు ఇప్పుడే పెట్టకూడదు. ఐబీఎస్‌కి ఇప్పుడు వాడే రోమ్ 4 కొలత 2016లో వచ్చింది. గత మూడు నెలల్లో వారానికి కనీసం ఒకరోజు కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి మోషన్‌తో సంబంధం, మోషన్ల సంఖ్యలో మార్పు, మలం తీరులో మార్పు, ఈ మూడింటిలో రెండైనా కనబడాలి. అంతవరకు మీ తమ్ముడికి సరిపోవచ్చు. కానీ ప్రమాద సూచనలు ఉంటే ఆ కొలతను పట్టుకుని ఆగిపోకూడదు. ఆయనకు మూడు ఉన్నాయి. ఒకటి, నిద్రలోంచి లేపే విరేచనాలు. ఐబీఎస్ సాధారణంగా మనిషిని నిద్రపోనిస్తుంది. రెండు, ప్రయత్నించకుండానే ఒంటి బరువులో పదోవంతు పోవడం. మూడు, మగమనిషికి 13 ఉండాల్సిన హిమోగ్లోబిన్ 10.8కి పడటం. ఎంసీవీ 72 అంటే ఎక్కువగా ఐరన్ లోపమే. పై ఎండోస్కోపీలో కనబడిన కొద్దిపాటి గ్యాస్ట్రైటిస్ దీనికి జవాబు కాదు. పొట్ట స్కానింగ్ నార్మల్ అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. పేగుల్లో గ్యాస్ ఉంటే గోడ సరిగా కనబడదు.

కుడివైపు, చిన్నపేగు పెద్దపేగును కలిసే చోట నొప్పి అంటే మన దేశంలో ముందు రెండు జబ్బులు గుర్తుకు రావాలి: పేగు టీబీ, క్రోన్స్ (పేగులో దీర్ఘకాలం వాపు, పుండ్లు ఉండే జబ్బు). రెండూ ఎక్కువగా అక్కడే స్థిరపడతాయి, రెండూ ఇలాగే ఉంటాయి, కానీ వైద్యాలు వేరు. టీబీ ఉన్న మనిషికి క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే టీబీ ఒళ్లంతా పాకొచ్చు. అందుకే కొలనోస్కోపీ, బయాప్సీ (పేగు ముక్క తీసి పరీక్షించడం) తప్పవు.

దానికి ముందు సీబీసీ (రక్తకణాల లెక్క), ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ (రెండూ ఒంట్లో వాపుకి), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), బీ12, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), ఛాతీ ఎక్స్‌రే చేయించండి. ఎక్స్‌రే బాగుందని పేగు టీబీ లేదనుకోకూడదు, చాలామందిలో ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉంటాయి. సీలియాక్ (గోధుమ పడక పేగు దెబ్బతినే జబ్బు) కోసం టీటీజీ ఐజీఏ అనే యాంటీబాడీ పరీక్షతో పాటు మొత్తం ఐజీఏ కూడా అడగండి. ఒంట్లో ఐజీఏయే తక్కువుంటే టీటీజీ తప్పుడు నార్మల్ చూపిస్తుంది. ఈ పరీక్ష అయ్యేదాకా చపాతీ మానొద్దు. గోధుమ మానేసిన మనిషిలో జబ్బున్నా రిపోర్టులో కనబడకపోవచ్చు.

ఇక ఆ తిండి ప్యానెల్‌కి డబ్బు పెట్టకండి. అది ఐజీజీ యాంటీబాడీలు కొలుస్తుంది. ఒక పదార్థం తింటున్నాడు కాబట్టి అవి పుడతాయి, అది పడటం లేదని కాదు. పాజిటివ్ వచ్చినవన్నీ మానేస్తే ఇప్పటికే చిక్కిన మనిషి ఇంకా చిక్కుతాడు.

ల్యాబ్_బెంచ్

పై జవాబులో లేని ముఖ్యమైన పరీక్ష మలంలో కాల్‌ప్రొటెక్టిన్. పేగులో వాపు ఉంటే తెల్లరక్తకణాలు వదిలే ప్రొటీన్ ఇది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే పేగువాపు జబ్బుకు అవకాశం తక్కువ, 250 దాటితే ఎక్కువ. మధ్యలో వస్తే మళ్లీ చేయాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు దీన్ని పెంచేస్తాయి, పాంటాప్రజోల్ రకం మందులూ కొంత పెంచుతాయి. డాక్టర్‌ని అడిగి రెండు వారాలు ఆపి శాంపిల్ ఇస్తేనే వచ్చిన అంకెకు అర్థం ఉంటుంది. వాపు ఉందని మాత్రమే చెబుతుంది, టీబీయా క్రోన్సా అని చెప్పదు.

శాంపిల్ తీయడంలోనే సగం పరీక్షలు పాడవుతాయి. కమోడ్ నీళ్లలోంచి ఎత్తొద్దు. సీటు మీద శుభ్రమైన ప్లాస్టిక్ కాగితం పరిచి, మూత్రం కలవకుండా, పొద్దుటి మోషన్‌లోంచి వేరుశనగ గింజంత తీసి డబ్బాలో వేయాలి. జిగట ఉంటే ఆ భాగం తప్పకుండా రావాలి. కాల్‌ప్రొటెక్టిన్ శాంపిల్ అదే రోజు చేరితే చాలు.

పరాన్నజీవుల కోసం చేసే స్టూల్ మైక్రోస్కోపీ అలా కాదు. పల్చటి మోషన్‌లో కదిలే అమీబా అరగంటలో చచ్చిపోతుంది. ఇంటికొచ్చి తీసుకెళ్లే మనిషి బ్యాగులో మూడు గంటలు తిరిగిన శాంపిల్‌లో అది కనబడదు. ఇంటి దగ్గరి ల్యాబ్‌కి వెళ్లి అక్కడే ఇవ్వాలి. రోజు విడిచి రోజు మూడు శాంపిళ్లు. జియార్డియా అనే పరాన్నజీవి ప్రతి రోజూ బయటపడదు కాబట్టి ఒక్క నెగెటివ్‌తో తేల్చలేం. యాంటీబయాటిక్ గానీ మెట్రోనిడజోల్ (అమీబియాసిస్ బిళ్ల) గానీ వేసుకుని ఉంటే ఆఖరి బిళ్ల తర్వాత రెండు వారాలు ఆగాలి. ఇంకో సంగతి: మైక్రోస్కోప్‌లో జబ్బు తెచ్చే అమీబా, ఏ హానీ చేయని అమీబా ఒకేలా ఉంటాయి. ‘సిస్టులు ఉన్నాయి’ అన్న ఒక్క మాటతో నెలనెలా కోర్సులు వాడటం మన ఊళ్లో మామూలైపోయింది. అనుమానం ఉంటే జబ్బు తెచ్చే అమీబా ప్రొటీన్‌ని పట్టే యాంటిజెన్ పరీక్ష అడగండి.

మందులకొట్టు_చిక్కడపల్లి

అక్కా, నడుము నొప్పికి ప్రస్తుతానికి పారాసిటమాల్ 500 వాడుకోవచ్చేమో మీ డాక్టర్‌ని అడగండి. ఇంట్లో ఎవరైనా అల్లోపతి కాని చూర్ణం ఇస్తున్నారేమో కూడా చూడండి. ‘కడుపు శుభ్రం’ చూర్ణాల్లో చాలావాటిలో సునాముఖి ఉంటుంది, అది విరేచనకారి. జబ్బు మీద జబ్బు తెచ్చి పెడుతుంది.  డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల పేర్లు నోటితో చెప్పొద్దు, స్ట్రిప్పులే సంచిలో వేసుకెళ్లండి.

ఖర్చు గురించి ఒక మాట. సీబీసీ లాంటి మామూలు రక్తపరీక్షలకు దగ్గరి బస్తీ దవాఖానాలో శాంపిల్ ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌లో ఉచితంగా చేస్తారు. పేగుల స్పెషలిస్టు కోసం ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో గ్యాస్ట్రో విభాగాలున్నాయి. ఓపీ చీటీకి పొద్దున్నే వెళ్లాలి, పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టుకుంటే అక్కడి రద్దీలో డాక్టర్ చూడగలుగుతారు.

కెపిహెచ్‌బి_అక్క

అందరికీ ధన్యవాదాలండి. డాక్టర్ గారు డైక్లోఫెనాక్, పాంటాప్రజోల్ రెండూ ఆపించారు. రెండు వారాల తర్వాత ఇచ్చిన శాంపిల్‌లో కాల్‌ప్రొటెక్టిన్ 410. సీఆర్‌పీ 22, ఫెరిటిన్ 38. మూడు స్టూల్ శాంపిళ్లలోనూ ఏమీ లేదు. టీటీజీ, మొత్తం ఐజీఏ నార్మల్. కొలనోస్కోపీ గురువారం 11 గంటలకు. ఫెరిటిన్ నార్మల్ అని రిపోర్టులో ఉంది, మరి ఐరన్ బిళ్లలు ఎందుకిచ్చినట్టు?

గట్_క్లినిక్

ఒంట్లో వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది. సీఆర్‌పీ 22 ఉన్న మనిషికి 100 లోపు ఫెరిటిన్‌ని కూడా లోపంగానే అనుమానిస్తాం. ఐరన్ ఇవ్వడం సరైనదే, కానీ కొలనోస్కోపీకి వారం ముందు ఆపాలి. ఐరన్‌తో మలం నల్లగా, బంకగా పేగుగోడకి అతుక్కుంటుంది. ఇప్పటికీ వేసుకుంటుంటే ఈరోజే ఫోన్ చేసి అడగండి.

స్కోప్_రూమ్

గురువారం అంటే మంగళవారం నుంచే తిండి మార్చాలి. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు తినొచ్చు. ఆకుకూరలు, టమాటా, వంకాయ, జామ, దానిమ్మ, నువ్వులు వద్దు. పోపులో ఆవాలు, జీలకర్ర కూడా వద్దు. ఆ గింజలు స్కోపు పీల్చే సన్న గొట్టంలో ఇరుక్కుంటాయి. బుధవారం మీ ఆసుపత్రి చీటీలో ఎప్పటినుంచి ద్రవాలే అని రాశారో అప్పటినుంచి కొబ్బరినీళ్లు, పాలు లేని టీ, వడకట్టిన నిమ్మరసం. మజ్జిగ, పాలు, ఎర్రరంగు డ్రింకులు కాదు, ఎరుపు లోపల రక్తంలా కనబడుతుంది.

విరేచనాల పౌడర్ మామూలుగా 2 లీటర్ల నీళ్లలో కలుపుతారు. మొత్తం ముందురోజు రాత్రే తాగేస్తే పొద్దుటికి కుడివైపు పేగులో మళ్లీ పచ్చటి పొర పేరుకుంటుంది. మీ తమ్ముడి జబ్బు అక్కడే ఉందని అనుమానం కదా. అందుకే రెండు విడతలు: బుధవారం సాయంత్రం ఒక లీటరు, గురువారం తెల్లవారుజామున 5 గంటలకు ఇంకో లీటరు. పది పదిహేను నిమిషాలకో గ్లాసు. చల్లగా ఉంటే దిగుతుంది. వాంతి వచ్చేట్టుంటే అరగంట ఆగి మళ్లీ మొదలుపెట్టాలి, మానేయకూడదు. ఆఖరి మోషన్ మూత్రంలా తేటగా, పసుపుగా రావాలి. మత్తుకు కనీసం రెండు గంటల ముందు నీళ్లతో సహా అన్నీ ఆపేయాలి. మీ చీటీలో ఇంకా ఎక్కువసేపు రాసి ఉంటే అదే పాటించండి. మత్తు ఇస్తారు కాబట్టి నొప్పి గురించి అంత భయం అక్కర్లేదు. ఆ రోజు బండి నడపొద్దు, తోడు ఒకరుండాలి.

లోపలికి తీసుకెళ్లేముందు డాక్టర్‌ని మూడు విషయాలు అడగండి. చిన్నపేగు చివరి భాగం, అంటే టెర్మినల్ ఇలియం దాకా చూస్తారా. పైకి బాగానే కనబడినా కుడి, ఎడమ పెద్దపేగుల నుంచి ముక్కలు తీస్తారా, ఎందుకంటే మైక్రోస్కోపిక్ కొలైటిస్ (పెద్దపేగు వాపులో ఒక రకం) కంటికి కనబడదు. అన్నిటికంటే ముఖ్యం, పుండ్లు ఉంటే కొన్ని ముక్కలు ఫార్మలిన్‌లో, కొన్ని విడిగా సెలైన్ సీసాలో పెడతారా. ఫార్మలిన్‌లో పడిన ముక్కలో టీబీ క్రిములు బతకవు, కల్చర్ (క్రిములను ల్యాబ్‌లో పెంచి చూడటం) చేయలేరు. సెలైన్ ముక్కను సీబీనాట్‌కి (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష), కల్చర్‌కి పంపొచ్చు. సీబీనాట్ జాతీయ టీబీ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. అయితే పేగు ముక్కలో అది చాలాసార్లు టీబీ ఉన్నా నెగెటివ్ ఇస్తుంది. కల్చర్‌కి ఆరు వారాల దాకా పడుతుంది.

గట్_క్లినిక్

బయాప్సీ, సీబీనాట్ రెండూ తేల్చకపోతే కంగారుపడకండి, చాలామందికి అలాగే అవుతుంది. అప్పుడు సీటీ ఎంటెరోగ్రఫీ (చిన్నపేగుకి తీసే సీటీ స్కాన్) తీస్తారు. మాంటూ (చర్మంలో సూది వేసి చేసే టీబీ పరీక్ష) పాజిటివ్ వచ్చినంత మాత్రాన మన దేశంలో జబ్బు ఉందని చెప్పలేం. ఒక్కోసారి ముందు టీబీ మందులు మొదలుపెట్టి, రెండు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేస్తారు. పుండ్లు మానితే టీబీ వైపు మొగ్గు, ఆరు నెలల కోర్సు పూర్తి చేయాలి. మానకపోతే క్రోన్స్ గురించి ఆలోచించాలి. ‘బాగుంది’ అన్న మాటొక్కటే చూడొద్దు. ఒంట్లో బాగుండి పుండ్లు అలాగే ఉండొచ్చు, కాబట్టి ఆ రెండో కొలనోస్కోపీ ఎగ్గొట్టకండి.

గురువారంలోగా పొట్ట బిగుసుకుపోయి, వాంతులై, మోషన్ గానీ గ్యాస్ గానీ పోకపోతే పేగు మూసుకుపోయిందేమో అన్న అనుమానం. ఆ స్థితిలో విరేచనాల పౌడర్ చుక్క కూడా తాగించొద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. జ్వరంతో పాటు రక్తం పడినా అంతే.