పక్క రాష్ట్రంలో వైద్యం చేయించుకుంటే ఆ బిల్లు ఎవరు కట్టాలి?

పర్లాకిమిడి వాసి:
మాది ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇక్కడ జిల్లా ఆసుపత్రిలో కాదంటే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పొమ్మంటారు, మాకేమో శ్రీకాకుళం దగ్గర. 2021 మేలో మా పెదనాన్నకి ఆక్సిజన్ పడిపోతుంటే దగ్గర దారే చూశాం, అటువైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఒడిశా రేషన్ కార్డు చూసి ఆరోగ్యశ్రీ వర్తించదన్నారు, ముందు డిపాజిట్ కట్టమన్నారు. ఒడిశా ప్రభుత్వం పెట్టిన కోవిడ్ ఆసుపత్రుల్లో అయితే ఉచితమే, కాదనను, కానీ అంత దూరం వెళ్లేదాకా మనిషి ఆగాలి కదా. ఆయన బతికారు. పెద్దమ్మ నగలు మాత్రం తాకట్టులోంచి ఇంకా బయటికి రాలేదు. నా మాట ఒకటే: మహమ్మారి రోజుల్లో రోగి ఏ రాష్ట్రం వాడైతే ఆ రాష్ట్రమే బిల్లు కట్టాలి, వైద్యం ఎక్కడ జరిగినా సరే. మీరేమంటారు?

బరంపురం మాస్టారు:
బాబూ, పెదనాన్నగారు కోలుకున్నందుకు సంతోషం. కానీ నేను ఒప్పుకోను. మన డబ్బు అవతలి ప్రైవేటు ఆసుపత్రులకి పోతుంటే పర్లాకిమిడిలో ఐసీయూ ఎప్పటికి వస్తుంది? కోరాపుట్‌కి మెడికల్ కాలేజీ వచ్చిందే 2017లో, అదీ ఎన్నాళ్లు అడిగితే. 2020 జులైలో సూరత్ నుంచి వచ్చిన కూలీలతో, పెరిగిన కేసులతో మా గంజాం అల్లాడిపోయింది. ఆ రోజుల్లో ఆదుకున్నది ఇక్కడున్న పడకలే, పొరుగు రాష్ట్రం కాదు. ఒకసారి బిల్లు కట్టడం అలవాటైతే సర్కారు ఇక్కడ ఆసుపత్రులు కట్టడం మానేస్తుంది.

సిరోంచ నుంచి:
మాస్టారూ, మీకు ఊళ్లోనే మెడికల్ కాలేజీ ఉంది. మాది మహారాష్ట్ర, మా జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు, మధ్యలో అంతా అడవి. గోదావరి వంతెన దాటితే తెలంగాణలోని కాళేశ్వరం, అందుకే మంచిర్యాలకో వరంగల్‌కో పోతాం. 2021 మేలో ముందస్తు అనుమతి లేదని పొరుగు రాష్ట్రాల అంబులెన్సులను తెలంగాణ సరిహద్దుల్లో ఆపేశారు, హైకోర్టు స్టే ఇచ్చాకే దారి తెరుచుకుంది.

ఇక డబ్బు సంగతి. 2020 మేలో మహారాష్ట్ర తన ఉచిత వైద్య పథకం ఫులే జన ఆరోగ్యని రాష్ట్రంలో ఉండే వాళ్లందరికీ ఇచ్చింది, ప్రైవేటు ఆసుపత్రులకి రోజుకి వార్డు 4,000, ఐసీయూ 7,500, వెంటిలేటర్‌తో అయితే 9,000 అని రేటు కట్టింది. జూన్‌లో తెలంగాణ ఏం కట్టిందో చూడండి: 4,000, 7,500, 9,000. నదికి రెండు వైపులా రేటు ఒకటే అయినప్పుడు ఒక రాష్ట్రం ఇంకో రాష్ట్రానికి ఆ మొత్తం పంపడానికి అడ్డమేమిటి? ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరు నుంచే హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై ఆసుపత్రుల్లో ఆరోగ్యశ్రీ బిల్లులు కట్టింది కదా. మహారాష్ట్ర కూడా 2023లో కర్ణాటకలోని 865 సరిహద్దు గ్రామాలకి ఇదే పథకం ఇస్తానంది. అక్కడి మరాఠీ వాళ్ల కోసం సరిహద్దు దాటిన పథకం, సొంత జిల్లాలోని తెలుగు వాళ్లం గోదావరి దాటితే మా వెంట ఎందుకు రాదు?

జయపురం (ఒడిశా), బిల్లింగ్‌లో చేసినవాణ్ణి:
ఆ రేటు కాగితం చూసి మోసపోకండి అన్నా. నేను ఓ నర్సింగ్ హోమ్ బిల్లింగ్ కౌంటర్లో కోవిడ్ రెండు వేవ్‌లూ చూశాను. బెడ్ చార్జీకి పరిమితి ఉండేది, పీపీఈ కిట్లకి, ఖరీదైన మందులకి లేదు, అవి విడిగా పడేవి. రోగి ఎన్ని రోజులుంటే అన్ని రోజులూ ఆ విడి లెక్క పెరుగుతూనే ఉండేది, చివరికి అసలు చార్జీని మించిపోయిన బిల్లులు నేనే ప్రింట్ తీశాను. రెండో సంగతి, ప్రభుత్వ డబ్బు నెలల తరబడి రాకపోతే ఆక్సిజన్ వాడికి డబ్బు రేపు ఇస్తానని చెప్పే పరిస్థితి చిన్న ఆసుపత్రికి ఉండదు. అందుకే కార్డు చూడగానే బెడ్ లేదంటారు. అది తప్పే. కానీ పక్క రాష్ట్రం నుంచి డబ్బు రావాలంటే ఇంకెంత ఆలస్యమో ఆలోచించండి. ముందు సగం అడ్వాన్సుగా ఆసుపత్రికి చేరే ఏర్పాటు లేకపోతే ఈ చర్చంతా వృథా.

పర్లాకిమిడి వాసి:
తమ్ముడు చెప్పిన అడ్వాన్సు మాట నాకు నచ్చింది. మాస్టారూ, ఆసుపత్రి కట్టొద్దని నేననలేదు, కట్టేదాకా ఈ మధ్యలో ఖర్చు ఎవరి మీద పడుతుందన్నదే నా ప్రశ్న. 2020 ఆగస్టులో రిజర్వు బ్యాంకు బంగారం విలువలో 75 శాతం బదులు 90 శాతం దాకా అప్పివ్వొచ్చని బ్యాంకులకి చెప్పింది. జనానికి అందిన సాయం అదీ, మన నగల మీద మనకే ఇంకాస్త అప్పు. ఉచిత వైద్యానికి ఒడిశా ఇచ్చిన స్మార్ట్ హెల్త్ కార్డు 2021 ఆగస్టులో వచ్చింది, రెండో వేవ్ పోయాక. కేంద్రం ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్‌లో ఒడిశా 2025లో చేరింది, ఆ కార్డు వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుంది కాబట్టి ఇప్పుడు కాస్త నయం. కానీ జాబితాలో ఉన్న ఆసుపత్రిలోనే చెల్లుతుంది. మళ్లీ ఏదైనా వస్తే, సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న ప్రతి ఆక్సిజన్ పడకనీ జాబితా చూడకుండా కార్డు కిందికి తెస్తామని ఇప్పుడే రాసివ్వమని మన ఎమ్మెల్యేలని అడగాలి. అర్జీ నేను తెలుగులో రాస్తాను, ఒడియాలోకి ఎవరైనా మార్చగలరా?