సిరిమానుకి ఏటా కొత్త చింతచెట్టు కొట్టాల్సిందేనా?

గంటస్తంభం
దసరా వెళ్లాక వచ్చే మొదటి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. 2024లో అక్టోబరు 15న పడింది, 2025లో అక్టోబరు 7న. విజయనగరం వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, బయటి నుంచి చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. సుమారు 60 అడుగుల చింతమాను కొసన ఆసనం కట్టి, పూజారిని కూచోబెట్టి పైకి లేపుతారు. మూడు లాంతర్ల కూడలి దగ్గరున్న అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. ఆ మాను ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. ఆ దిక్కుకి వెళ్లి వెతికి, పసుపు కుంకుమలతో పూజ చేసి, కొట్టి, హుకుంపేట తెచ్చి చెక్కుతారు.

ఏటా ఒకటి కాదు, రెండు చెట్లు. సిరిమానుకొకటి, దాన్ని మోసే ఇరుసుమానుకొకటి. శంబర పోలమాంబ జాతర లాంటి మిగతా సిరిమానులు కూడా లెక్కేస్తే ఇంకా ఎక్కువ. తిన్నగా 60 అడుగులు ఎదిగిన చింత ఈ చుట్టుపక్కల ఇంకెన్నేళ్లు దొరుకుతుంది? ఒకసారి చెక్కిన మానునే జాగ్రత్త చేసి నాలుగైదేళ్లు ఎందుకు వాడకూడదు? లేదా లోపల ఇనుము పెట్టి పైన చెక్క తొడగకూడదా? భక్తి లేక అడుగుతున్నానని అనుకోకండి. కలప తెలిసినవాళ్లు చెప్పండి.

బాడిత
దాచి వాడటం గురించి ముందు చెప్తాను. ఆ మాట అనడం తేలిక, కలప ఒప్పుకోదు.

మాను కొట్టేది వానాకాలం చివర్లో. చెట్టు నిండా నీరుంటుంది. అడుగు మందం దుంగ నీడన మామూలుగా ఆరాలంటే అంగుళానికి ఏడాది చొప్పున లెక్కేసుకోవాలి. అంటే పండగ నాటికి ఆ మాను పచ్చిదే. పచ్చి కర్ర వంగుతుంది, సాగుతుంది, విరిగే ముందు చప్పుడు చేస్తుంది. ఊరేగింపుకి ఆ గుణమే కావాలి. దాన్ని షెడ్డులో పెట్టి వచ్చే ఏడాది తీయండి. పై రెండు మూడు అంగుళాలు ఆరి ముడుచుకుంటాయి, లోపల పచ్చిగానే ఉంటుంది. ఆ లాగుడికి నిలువునా నెర్రెలిస్తుంది. రెండు కొసలకీ పేడ గానీ మైనం గానీ పూస్తే కొసల దగ్గర పగులు తగ్గుతుంది, నడుమ మాత్రం ఆగదు. పైగా చింతలో నల్లటి చేవ గట్టిదే గానీ, దాని చుట్టూ ఉన్న తెల్ల చెక్కకి పుచ్చు పురుగు ఇట్టే పడుతుంది. పైకి సూది బెజ్జాలు, కింద పిండి. అప్పటికే లోపల తినేసి ఉంటుంది. మనిషిని కూచోబెట్టి ఎత్తే కర్ర అది, ఇంట్లో దూలం కాదు.

కొత్తవలస జంక్షన్
అందుకే ఇనుము అంటున్నాం మాస్టారూ. తిరువారూరు తేరు చూడండి, ఎంత పాతదో ఎంత పెద్దదో. ఇనుప చక్రాలు, హైడ్రాలిక్ బ్రేకులు పెట్టుకున్నారు. తిరుచ్చి భెల్ వాళ్లు చేసి ఇచ్చారు. దేవుడేం అలగలేదు కదా. 8 అంగుళాల పైపు ఒకటి చాలు, పైన చింతచెక్క తొడిగి పసుపు రాస్తే తేడా ఎవరికి తెలుస్తుంది?

చూరుకర్ర
తేరుకి ఇనుము చక్రాల్లో పెట్టారు, ఇక్కడ మీరు అమ్మవారు కూచునే మానే మారుస్తానంటున్నారు. ఆ సంగతి పక్కన పెట్టి లెక్కలోకి రండి. కింది కొలతలు సుమారుగా అనుకున్నవి, ఏ ఏటి మానువీ కావు.

మాను 60 అడుగులు. మొదలు నుంచి 15 అడుగుల దగ్గర ఇరుసు మీద ఆనుతుంది, 45 అడుగులు ముందుకి. ఇరుసు దగ్గర మందం 14 అంగుళాలు, కొసన 6. పచ్చి చింత ఘనపుటడుగు 30 కేజీలు వేసుకుందాం. మాను మొత్తం 1,350 కేజీల దాకా, అందులో ముందు భాగమే 775. దాని బరువు ఇరుసు నుంచి సుమారు 17 అడుగుల దగ్గర పడుతుంది, అంటే బరువుని దూరంతో హెచ్చిస్తే 13 వేల కేజీ-అడుగుల వంపు. పూజారి, ఆసనం కలిపి 80 కేజీలు, 45 అడుగుల దగ్గర: 3,600. పూజారి బరువు కాదండీ, మాను సొంత బరువే దాన్ని మూడున్నర రెట్లు ఎక్కువ వంచుతోంది. మొదలు వైపు 15 అడుగుల బరువు కాస్త సరిచేస్తుంది. అది పోగా మొదట్లో ఇంకో 800 కేజీల కిందిలాగుడు ఉండాలి. తాళ్లు, కట్టు అంత గట్టిగా ఎందుకుండాలో ఇక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు మీ పైపు. 8 అంగుళాలది, 6 మిల్లీమీటర్ల మందం, మీటరుకి 31 కేజీల పైచిలుకు. మాను కంటే తేలికే. కానీ ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే లావు కాబట్టి బరువంతా దూరంగా పడుతుంది. అదే లెక్క వేస్తే ఇరుసు దగ్గర చదరపు సెంటీమీటరుకి 1,950 కేజీల ఒత్తిడి. మామూలు ఇనుము 2,400-2,500 దగ్గర వంగిపోతుంది. ఒక్క కుదుపు చాలు. ఇంకో సంగతి, పైపులు బజార్లో 6 మీటర్ల ముక్కలుగా వస్తాయి. 60 అడుగులకి రెండు అతుకులు. మొదలు నుంచి 20 అడుగుల దగ్గర ఒకటి, అంటే ఇరుసుకి 5 అడుగుల దూరంలో, వంపు బాగా ఎక్కువున్న చోటే. వెల్డింగు అతుకు ఏటా మూడు తిరుగుళ్లు కుదుపులు తిని లోపల ఎప్పుడు చిట్లిందో పైకి కనిపించదు. పైన చెక్క తొడిగితే అసలే కనిపించదు.

కొత్తవలస జంక్షన్
10 అంగుళాలది వేద్దాం. కొస వైపు సన్న పైపు దిగేద్దాం. దీపస్తంభాలు అలాగే చేస్తారు కదా. ఇంజనీరు చేత గీయించి, ఏటా అతుకులు పరీక్ష చేయిస్తే అయిపోయేదానికి ఏటా రెండు చెట్లెందుకు?

చూరుకర్ర
చేయొచ్చు. కుదరదని నేననలేదు, "ఒక పైపు చాలు" అన్నమాట తప్పన్నాను. సన్నబడుతూ పోయే స్తంభం తయారు చేయించి, ఏటా అతుకులు చూపించి, తుప్పు పట్టకుండా రంగు వేయించి, ఏడాదిలో 364 రోజులు దాచిపెట్టాలి. ఆ స్తంభం ఎత్తినప్పుడు మానులాగే ఊగుతుందన్న నమ్మకం కూడా లేదు. సిరిమాను మెల్లగా ఊగుతూ వస్తుంటే అమ్మ వస్తోందని జనం దండం పెడతారు. బిగుసుకుపోయిన కరెంటు స్తంభానికి ఎవరు పెడతారు?

హుకుంపేట దారి
లెక్కలన్నీ బాగున్నాయి గానీ ఒక మాట మర్చిపోయారు. చెట్టు చూడటంతోనే సగం పని. ఎవరు పడితే వాళ్లు వెళ్లి కొలతలు తీసి కొట్టేది కాదది. కలలో దిక్కు తెలియాలి, రైతు ఒప్పుకోవాలి. రైతులు కూడా తమ పొలంలో చెట్టుని అమ్మవారు కోరుకుందంటే భాగ్యంగా ఇస్తారు. అమ్మడం కాదు, ఇవ్వడం. మీరు స్టీలు తెచ్చి కొట్లో పెడితే ఆ రైతుకి, ఆ ఊరికి పండగలో వాటా పోయినట్టే.

బాడిత
నిజమే. చెట్టు ఎంచడం గురించి ఇంకాస్త. గొడ్డలి వెనక్కి తిప్పి మొదటి మనిషెత్తు దాకా నాలుగు పక్కలా కొట్టాలి. టంగుమంటే గట్టిది, బొద్దుమంటే తొర్ర. ముసలి చింతలు పైకి నిక్షేపంగా ఉండి లోపల ఖాళీ. తర్వాత నడిమి 20 అడుగుల్లో పెద్ద కొమ్మ వచ్చిన ముడి ఉందా చూడాలి. ఇరుసుకి ముందు పక్కన ముడి పడితే బలం సగం పోయినట్టు. మెలి తిరిగిన బెరడు ఉన్న చెట్టు వద్దు. పోగు కూడా మెలి తిరిగే ఉంటుంది, చెక్కితే తెగిపోతుంది.

చెక్కేటప్పుడు జరిగే తప్పు ఇంకొకటుంది. గుండ్రంగా, నున్నగా రావాలని ఇరుసు దగ్గర ఎక్కువ తీసేస్తారు. 14 అంగుళాలు 12.6 అయిందంటే చూపుకి పదో వంతే తగ్గింది. బలం మాత్రం నాలుగో వంతుకి పైగా పోయింది, ఎందుకంటే బలం మందాన్ని మూడుసార్లు హెచ్చించినట్టు పెరుగుతుంది. అక్కడ బెరడు, దాని కింద పొర తీసి ఆపేయాలి. నున్నదనం కొసన చూపించుకోండి, దృష్టి పడేదీ అక్కడే.

తుమ్మిడిచెరువు
మరి తుఫానుకి పడిన చెట్లు వాడొచ్చుగా? 2014లో సిరిమాను 7న, హుద్‌హుద్ 12న. ఆ వారంలో ఎన్ని చెట్లు పడ్డాయి!

బాడిత
వద్దు. గాలికి వంగి పడిన చెట్టులో పోగులు లోపలే నలిగి ఉంటాయి, బెరడు మీద ఏమీ తెలియదు. నలిగిన చోటే బరువు పడితే చెప్పకుండా విరుగుతుంది. పొయ్యిలోకి పనికొస్తాయి, పీటలకి పనికొస్తాయి.

నాగావళి గట్టు
శ్రీకాకుళం వైపు నుంచి ఒక మాట. మనకి పక్కనే పూరీ ఉంది, ఏటా మూడు రథాలు కొత్తవి. నందిఘోషకి 16 చక్రాలు, తాళధ్వజానికి 14, దర్పదళనానికి 12. అక్షయ తృతీయ నాడు పని మొదలవుతుంది, కలప దశపల్లా అడవుల నుంచి వస్తుంది. రెండు చెట్లకి మనం కొట్టుకుంటున్నాం, వాళ్లకి ఏటా వందల దుంగలు కావాలి. అక్కడా కలప తరుగుతోందని గుర్తించారు. సంప్రదాయం మార్చలేదు. జగన్నాథ వన ప్రకల్ప పేరుతో రథాల కోసమే చెట్లు వేశారు. మనమెందుకు అలా ఆలోచించం? "కొట్టాలా వద్దా" అని పదేళ్లు వాదించుకునే కంటే పదేళ్ల కిందట నాటి ఉంటే ఈపాటికి కొమ్మలెత్తేవి.

చింతచిగురు
నాటడం అంటే బజార్లో దొరికే అంటుమొక్క తెచ్చి పాతడం కాదండోయ్. అందరూ చేసే తప్పదే. పీకేఎమ్-1 లాంటి రకాలు కాయ కోసం చేసినవి, అంటు కాబట్టి నాలుగైదేళ్లకే కాపుకొస్తాయి, అడుగు నుంచే కొమ్మలేసి గొడుగులా పరుచుకుంటాయి. సిరిమానుకి అక్కరకు రావు. గింజ మొక్కలే కావాలి. అదీ తిన్నగా పెరిగిన తల్లిచెట్టు గింజ.

గింజలు వేడినీళ్లలో పోసి రాత్రంతా నాననిస్తే వారం, రెండు వారాల్లో మొలుస్తాయి. పొడుగాటి సంచుల్లో వేయండి, తల్లివేరు చుట్ట చుట్టుకుంటే చెట్టు తర్వాత గాలికి పడిపోతుంది. కాయ తోటలో ఎడం 10 మీటర్లు పెడతారు. మనకి 3 మీటర్లు చాలు. వెలుగు కోసం పోటీ పడి పైకి పోతాయి, పక్క కొమ్మలు తమంతట తామే ఎండిపోతాయి. పొలం గట్టున ఒంటిగా పెరిగిన చింత ఎందుకు పొట్టిగా లావుగా ఉంటుందో, తోపు మధ్యలోది ఎందుకు నిటారుగా ఉంటుందో ఇదే కారణం. మొదటి ఐదారేళ్లు బొటనవేలి లావు దాటకముందే పక్క కొమ్మలు తీసేయాలి. లావయ్యాక కొడితే ముడి మిగులుతుంది, ముడి సంగతి పైన చెప్పారు. 12వ ఏట ఒకసారి పలచన చేసి బాగా ఎదుగుతున్నవి ఉంచుకోవాలి. మాను కావడానికి 40-50 ఏళ్లు పడుతుంది. మనవలకి గానీ మనకి కాదు.

కొత్తవలస జంక్షన్
సరే, ఆ 50 ఏళ్లూ ఏం చేస్తారు? ఇప్పుడున్నవి కొడుతూనే ఉంటారా?

చింతచిగురు
రోడ్డు వెడల్పు పనుల్లో ఎన్ని చింతలు పోయాయో ఒకసారి చుట్టూ చూడండి, అప్పుడు ఈ రెండింటి సంగతి అడగండి. అలాగని ఉన్నవి కొట్టుకుంటూ పోదామని కాదు. దొరికే చెట్ల జాబితా ముందే రాసి పెట్టుకుంటే, రోడ్డు పనికి తప్పక కొట్టాల్సిన తిన్నని చింత పండగ ముందు నెలలో పడేలా చూసుకోవచ్చు. చెట్టు కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి ఎలాగూ కావాలి కదా, ఆ కాగితాల్లోనే చెట్టు వివరాలుంటాయి.

హుకుంపేట దారి
కల చెప్పిన దిక్కు వేరు, రోడ్డు వేసే దిక్కు వేరు అయితే?

చింతచిగురు
దానికి నా దగ్గర జవాబు లేదు గురూగారూ. ఉన్నదాన్నుంచి ఎంచుకోమని అమ్మకే వదిలేయడం.

బాడిత
ఇరుసుమాను గురించి ఎవరూ మాట్లాడరేం? అది పొట్టిది. అంత పొడుగు చెట్టు దానికి అవసరం లేదు. వంగే పని లేదు, అరిగే పనే. అరిగే చోటికి ఆరిన చేవ పచ్చి చెక్క కంటే మేలు. చేవ బాగా ఉన్న పొట్టి దుంగ ఒకటి ముందే కొట్టి, తెల్ల చెక్కంతా తీసేసి, నీడలో బాగా ఆరబెట్టి వాడితే ఏటా రెండో చెట్టు తప్పుతుంది. లెక్కకి సగం తగ్గినట్టే. సిరిమానుని ముట్టుకోకుండా.

హుకుంపేట దారి
ఇరుసు కూడా అమ్మ అడిగినదే. దీని మీద పెద్దలు కూచుని మాట్లాడాలి, ఇక్కడ మనం తేల్చేది కాదు. కానీ "ముట్టుకోకుండా" అన్నారు చూశారా, ఆ మాట మాత్రం బాగుంది.

గంటస్తంభం
ఇరుసు విషయం విడిగా కొత్త చర్చగా పెడుతున్నాను. అందులో అరుగుదల కొలతలు తెలిసినవాళ్లు రాయండి. ఊరేగింపులో సిరిమాను మీదికి అరటిపళ్లు విసరడం గురించి దయచేసి అక్కడ మొదలెట్టకండి, అది ఈ జన్మకి తేలదు.